చలికాలంలో పాములుండవా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ధనుర్మాసం వచ్చిందంటే తిరుపతిలో పాములు పట్టే మాకు ఇక పనే ఉండదని చాలామంది అనుకుంటారు. కానీ ఫోన్లు మోగుతూనే ఉంటాయి.

అపోహ: చలికి పాములన్నీ పుట్టల్లో నిద్రపోతాయి.

అలా నెలల తరబడి పడుకునేవి ఉన్నాయి, కాకపోతే మన శేషాచలం చుట్టుపక్కల కాదు. కెనడాలోని మానిటోబాలో చలి మైనస్ 30కి కూడా దిగుతుంది. అక్కడ నార్సిస్ అనే చోట గార్టర్ పాములు వేలకు వేలు సున్నపురాతి పగుళ్లలో దూరి, నేల గడ్డకట్టే లోతు కంటే ఇంకా కిందికి వెళ్లి, ఒకదాని మీద ఒకటి పడి ఎండలొచ్చేదాకా అక్కడే ఉంటాయి. ఆ లోతు దొరకని పాము చస్తుంది, అంతే. మనకు రాత్రి 18 డిగ్రీలైతేనే స్వెట్టర్లు తీస్తాం, తెల్లారితే మళ్లీ ఎండే. పైగా రక్తపింజర్లు ఎక్కువగా జతకట్టేది ఈ చలిలోనే, కాబట్టి మగవి తిరుగుతుంటాయి. పొద్దున్నే బండ మీద కదలకుండా పడుంటే "పాపం, బిగుసుకుపోయిందన్నా" అంటూ కర్రతో పొడవద్దు. ఒళ్లు మందగిస్తుందేమో గానీ విషం మందగించదు.

అపోహ: పాములు, బల్లుల్లాంటి వాటి రక్తం ఎప్పుడూ చల్లగానే ఉంటుంది.

లేదు, బయటి వేడిని బట్టి మారుతుంది. అమెరికా ఎడారుల్లో డెసర్ట్ ఇగ్వానా అనే బల్లి ఒళ్లు 40 డిగ్రీలున్నా హాయిగా తిరుగుతుంది.

అపోహ: ఒళ్లు గడ్డకట్టిందంటే ఇక చచ్చినట్టే.

నాకు భలే ఇష్టమైన సంగతి ఇదే. అలాస్కాలో ఉడ్ ఫ్రాగ్ అని చిన్న కప్ప ఉంది, అది ఆకుల కింద పడుకుంటే ఒంట్లో నీళ్లలో దాదాపు మూడింట రెండొంతులు మంచైపోతాయి, గుండె ఆగుతుంది, ఊపిరీ ఉండదు. ఆ మంచు ఒంట్లోని కణాలకు బయటే కడుతుంది. లోపల మాత్రం కాలేయం వదిలిన గ్లూకోజ్ నిండి కణాలు మరీ ఎండిపోకుండా కాపాడుతుంది. అంత షుగర్ మనకుంటే ఐసీయూనే. మంచు కరిగాక గుండె మళ్లీ కొట్టుకుంటుంది, కప్ప లేచి పోతుంది.

అంటార్కిటికా చేపల దారి వేరు. సముద్రం మైనస్ 1.9 డిగ్రీలున్నా వాటి రక్తం గడ్డకట్టదు. రక్తంలోని ప్రత్యేక ప్రొటీన్లు సన్నటి మంచు పలుకులకు అంటుకుని వాటిని పెరగనివ్వవు. 1960లలో ఆర్థర్ డెవ్రీస్ అనే శాస్త్రవేత్త దీన్ని కనిపెట్టాడు.

"అయితే మన కప్పను ఫ్రీజర్లో పెట్టి తీసినా లేస్తుందా సార్?" అని పిల్లలు అడుగుతుంటారు. లేవదు నాయనా, చచ్చిపోతుంది. ఉడ్ ఫ్రాగ్ చలికి ముందే ఆ గ్లూకోజ్‌కు కావాల్సిన సరుకు కాలేయంలో దాచుకుంటుంది, మన కప్పకు ఆ ఏర్పాటే లేదు.