గెలిచి వచ్చిన కమిటీ, పిలిస్తే వచ్చిన కమిటీ

డిగ్రీలో చేరినప్పటి ఫీజు రసీదు ఒకటి పాత ఫైల్లో ఈమధ్య దొరికింది. స్పెషల్ ఫీజు కింద గేమ్స్, రీడింగ్ రూమ్, మేగజైన్, యూనియన్ అని వరసగా రాసి, ఒక్కోదాని ఎదురుగా చిన్న చిన్న అంకెలు వేసి ఉన్నాయి. యూనియన్‌కి అయిదు రూపాయలు. మేం చేరేనాటికే రాష్ట్రంలో విద్యార్థి యూనియన్ ఎన్నికలు ఆగిపోయి కొన్నేళ్లయింది. లేని యూనియన్‌కి ఫీజేమిటని కౌంటర్లో అడిగితే గుమాస్తా తల కూడా ఎత్తలేదు. "హెడ్డుంది బాబూ. రాయక ఏటి సేస్తాం?" అన్నాడు.

విశాఖలో ఏ క్యాంపస్‌కి వెళ్లినా ఇప్పుడు కమిటీలకు కొదవలేదు. ఫెస్ట్ కమిటీ, మెస్ కమిటీ, ప్లేస్‌మెంట్ కమిటీ, ర్యాగింగ్ నిరోధక కమిటీ, అన్నిట్లోనూ విద్యార్థులుంటారు. స్టేజీ కట్టించేదీ, అతిథిని విమానాశ్రయం నుంచి తీసుకొచ్చేదీ, స్పాన్సర్ల చుట్టూ తిరిగేదీ వాళ్లే. కానీ వాళ్లను ఎన్నుకున్నదెవరు, వాళ్లు లెక్క చెప్పాల్సింది ఎవరికి అని అడిగితే చాలాచోట్ల జవాబుండదు. ఎందుకుండదో తెలియాలంటే వెనక్కి, చాలా వెనక్కి వెళ్లాలి.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు కొండ మీదికి చేరింది. తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. కేంబ్రిడ్జిలో చదివే రోజుల్లో అక్కడి యూనియన్ సొసైటీకి ఉపాధ్యక్షుడిగా ఎన్నికైన మనిషి. ఆ రోజుల్లో కాలేజీ యూనియన్ అంటే ముందుగా వాదప్రతివాదాల సభ. ఒక తీర్మానం పెట్టి, అటు ఇద్దరు ఇటు ఇద్దరు మాట్లాడి, చివర చేతులెత్తించి లెక్కపెట్టడం. దానికి ఒక కార్యదర్శి, అతని దగ్గర ఒక మినిట్స్ పుస్తకం. సత్యాగ్రహం మీద ప్రభుత్వ దమనకాండకు నిరసనగా కట్టమంచి 1930లో పదవి వదులుకున్నారు, 1936లో తిరిగొచ్చారు. క్యాంపస్సూ రాజకీయమూ వేర్వేరుగా ఉండాలని ఇవాళ ఉపదేశించేవాళ్లు ఈ ముక్క ఎందుకో గుర్తు చేయరు.

స్వాతంత్ర్యం వచ్చాక యూనియన్ పని పెరిగింది. అధ్యక్షుడు, కార్యదర్శి, వాళ్లతో పాటు ఆటలకొకరు, సాంస్కృతిక కార్యక్రమాలకొకరు, పత్రికకొకరు. కాలేజీ డే ఎప్పుడు, ముఖ్య అతిథి ఎవరు, నాటకం పోటీలకు ఎంత, షటిల్ కాక్‌లకు ఎంత అన్నది ఈ కమిటీ తేల్చేది. సలహాకు ఒక లెక్చరర్ ఉండేవారు. డబ్బు ప్రిన్సిపాల్ సంతకంతోనే కదిలేది గానీ, ఖర్చు ప్రతిపాదన మాత్రం విద్యార్థుల వైపు నుంచి వచ్చేది. వార్షికోత్సవం తేలిపోతే మర్నాడు క్యాంటీన్లో కల్చరల్ సెక్రటరీకి టీ తాగే దారి ఉండేది కాదు. మరుసటి ఏడు ఓటు అడగడానికి వచ్చినప్పుడు ఆ తేలిపోయిన సాయంత్రాన్ని ఎవడో ఒకడు తప్పకుండా ఎత్తేవాడు.

ఈ ఊళ్లో యూనియన్ కథ అక్కడితో ఆగకపోవడానికి 1966 కారణం. ఉక్కు ఫ్యాక్టరీ విశాఖకే కావాలని టి. అమృతరావు ఆ అక్టోబరులో ఇక్కడ నిరాహార దీక్షకు కూర్చున్నారు. విద్యార్థులు తరగతులు వదిలి రోడ్డెక్కారు. నవంబరు 1న పోలీసు కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా ఆ ఉద్యమంలో 32 మంది చనిపోయారని చెబుతారు. 1971 జనవరిలో ఇందిరా గాంధీ వచ్చి శంకుస్థాపన చేశారు. అలాంటి ఊళ్లో యూనియన్ ఆఫీసును క్యారం బోర్డులకు పరిమితం చేయమంటే ఎవరు వింటారు? 1972లో జై ఆంధ్ర ఉద్యమం, ఆ వెనకే జయప్రకాశ్ నారాయణ్ పిలుపు. ఇక్కడ లా చదువుతున్న ఎం. వెంకయ్యనాయుడు 1973–74లో ఆంధ్ర విశ్వవిద్యాలయ కళాశాలల విద్యార్థి సంఘానికి అధ్యక్షుడు. ఆయన తర్వాత ఉపరాష్ట్రపతి దాకా వెళ్లిన సంగతి అందరికీ తెలిసిందే.

ఆ దారి కనపడ్డాక పార్టీలు ఊరుకోలేదు. యూనియన్ ఎన్నిక అసెంబ్లీ ఎన్నికకు రిహార్సల్ అయింది. డబ్బు దిగింది, జీపులు దిగాయి, సైకిల్ చైన్లు దిగాయి. రాష్ట్రంలో చాలా క్యాంపస్‌ల్లో కొట్లాటలు హత్యల దాకా పోయాయి. పరీక్షలు వాయిదా పడ్డాయి. 1980ల చివర ప్రభుత్వం ఎన్నికలు ఆపేసింది. అమ్మానాన్నలు ఊపిరి పీల్చుకున్నారు, అందులో మా నాన్న కూడా ఉన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. ఆపిందేమో తాత్కాలికంగా అనుకున్నారు; అది స్థిరపడిపోయింది.

ఓటు పోయినంత మాత్రాన పని పోదు కదా. కాలేజీ డే జరగాలి, టీమ్‌లు బయల్దేరాలి, హాస్టల్లో అన్నం ఉడకాలి. సాంస్కృతిక కార్యక్రమాలకు ఒక అధ్యాపకుడు కన్వీనర్ అయ్యారు. ఆయన తరగతిలో చురుగ్గా కనపడిన నలుగురి పేర్లు రాసుకుని కమిటీ అన్నారు. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్) అప్పటికే ఉంది గనక సేవా కార్యక్రమాలన్నీ అటు వెళ్లాయి. ఎన్నికల్లేని రోజుల్లో క్యాంపస్ నడిచింది, ఒక్కోసారి మునుపటి కన్నా శుభ్రంగానే నడిచింది. పోయింది ఒకటే, మర్నాడు క్యాంటీన్లో నిలదీసే హక్కు.

ఆ హక్కు పూర్తిగా చావని చోటు హాస్టల్ మెస్. నెలంతా అయిన ఖర్చును భోంచేసిన రోజుల లెక్కన తలా పంచే పద్ధతి మాది. వంతులవారీగా ఇద్దరం మెస్ ప్రతినిధులం. తెల్లవారుజామున నాలుగింటికి వంటమనిషితో కలిసి పూర్ణా మార్కెట్‌కి పోయేవాళ్లం. టమాటా బుట్ట పైన ఎర్రటివి పేర్చి అడుగున పచ్చివి పెడతారని, బుట్ట బోర్లించి చూడాలని ఆయనే నేర్పాడు. ఇంటికి పోయిన రోజులకు 'మెస్ కట్' రాయించుకోవడం మరిచిన వాడికి ఆ నెల మాతో యుద్ధమే. నెలాఖరుకు బియ్యం, పప్పు, నూనె, గ్యాస్, పాలు విడివిడిగా రాసి నోటీసు బోర్డుకి అంటించేవాళ్లం. ఒకసారి గసగసాల పద్దు రెండుసార్లు పడింది. నాలుగు రోజులు నన్ను అందరూ 'గసగసాలు' అనే పిలిచారు. మమ్మల్ని కూర్చోబెట్టింది గదికొకరు చొప్పున వచ్చి చేతులెత్తిన సభ, అంతే. వార్డెన్ గారు సంతకం పెట్టేవారు. ఆ రెండు నెలల్లో నేర్చుకున్న జమాఖర్చు బీకాం మూడేళ్లలో అబ్బలేదు.

మిగతా కథ ఢిల్లీలో నడిచింది. కేరళ విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు చెప్పగా, యూనియన్ ఎన్నికలు ఎలా జరగాలో తేల్చడానికి మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో అధ్యక్షతన కమిటీ వేశారు. 2006 మేలో నివేదిక వచ్చింది, సెప్టెంబరు 22న కోర్టు దాన్ని అమలు చేయమంది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. అచ్చు వేసిన పోస్టర్లు కూడదు, చేత్తో రాసినవే అతికించాలి. 75 శాతం హాజరు ఉండాలి, బ్యాక్‌లాగ్ ఉండకూడదు. నామినేషన్ నుంచి ఫలితం దాకా అంతా పది రోజుల్లో ముగియాలి. జీపులూ ఫ్లెక్సీలూ చూసిన కళ్లకు ఇదంతా మరీ సాత్వికంగా తోచింది.

ఎవరూ పట్టించుకోని వాక్యం ఇంకొకటి ఉంది. ప్రశాంతంగా ఎన్నికలు జరిపే వాతావరణం లేని చోట ప్రతినిధులను నామినేట్ చేసుకోవచ్చని, అయితే ఒక్క మార్కులనే కొలబద్దగా తీసుకోవద్దని లింగ్డో కమిటీ చెప్పింది. ఆ నామినేషన్ కూడా అయిదేళ్లలో ఎన్నికగా మారాలంది. 2006కి అయిదు కలిపితే 2011. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆ గడువు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు వెళ్లిందో ఎవరికీ గుర్తు లేదు.

ఈలోగా పై నుంచి వచ్చే ప్రతి నిబంధనా విద్యార్థి కుర్చీ ఒకటి వేస్తూనే ఉంది. విశ్వవిద్యాలయాలకు నియమాలు పెట్టే యూజీసీ 2009 నిబంధనల ప్రకారం ర్యాగింగ్ నిరోధక కమిటీలో కొత్తగా చేరినవాళ్ల నుంచీ సీనియర్ల నుంచీ ప్రతినిధులుండాలి. 2023 నాటి ఫిర్యాదుల పరిష్కార నిబంధనల్లో విద్యార్థి ఒకరు ఉంటారు, అదీ 'ప్రత్యేక ఆహ్వానితుడి'గా, చదువులోనో ఆటల్లోనో పాఠ్యేతర అంశాల్లోనో రాణించినందుకు నామినేట్ అయి. పెళ్లికి పిలిచినట్టు పిలుస్తారు, భోంచేసి రావడమే. కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ బృందం వస్తోందంటే 'స్టూడెంట్ కౌన్సిల్' ఉందని కూడా చూపించాలి. దానికి మార్కులున్నాయి. ఎన్నిక లేని కౌన్సిల్ ఫొటోలు ఆ ఫైల్లో చక్కగా అమరుతాయి.

ఈ వరసలో ఒక్కచోట మాత్రం మాట తేడాగా పడింది. లైంగిక వేధింపుల మీద 2015 యూజీసీ నిబంధనలు, విద్యార్థుల వ్యవహారమైతే అంతర్గత కమిటీలో డిగ్రీ, పీజీ, పరిశోధన స్థాయిల నుంచి ఒక్కొక్కరు కూర్చోవాలని, వాళ్లు పారదర్శకమైన ప్రజాస్వామిక పద్ధతిలో 'ఎన్నిక' కావాలని చెప్పాయి. యూనియన్ లేని క్యాంపస్‌లో ఆ ముగ్గురి కోసం ఓటరు జాబితా ఎవరు రాయాలి?

ఊరి చివర కొత్త సంస్థల తీరు వేరు. విశాఖ ఐఐఎం 2015లో మొదలైంది, సబ్బవరం దగ్గర దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ అంతకు ముందే వచ్చింది. దేశమంతటా ఈ తరహా సంస్థల్లో ప్లేస్‌మెంట్లు, మూట్ కోర్టు (నమూనా కోర్టు వాదనలు), ఫెస్ట్ వగైరా విద్యార్థి కమిటీల చేతిమీదుగానే సాగుతాయి. లక్షల రూపాయల స్పాన్సర్‌షిప్పులు కుదిర్చేది ఇరవై రెండేళ్ల పిల్లలే. దాన్ని ఎవరూ రాజకీయం అనరు, నాయకత్వ శిక్షణ అంటారు. అదే పని సర్కారు కాలేజీ కుర్రాడు ఓటు అడిగి చేస్తానంటే శాంతిభద్రతల సమస్య అవుతుంది. నాకు ఈ తేడా మింగుడుపడదు.

మా మేనకోడలు ఇక్కడే ఇంజనీరింగ్, క్లాసుకి సీఆర్, అంటే ప్రతినిధి. ఎలా అయ్యావే అంటే, "సార్ ఇద్దరి పేర్లు చెప్పారు మామయ్యా, మావాళ్లు ఒప్పుకోలేదు. వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టించారు" అంది. మొన్న ఫెస్ట్ కల్చరల్ కమిటీకి క్లాసు నుంచి ముగ్గురి పేర్లు సాయంత్రంలోగా ఇమ్మని మేడమ్ అడిగారట.

"ఎవరెవరిని ఇచ్చావ్?"

"ఇంకా ఇవ్వలేదు. పోల్ నడుస్తోంది, పదకొండు మంది వేయలేదు" అని ఫోన్ చూపించింది.