కిడ్నీ జాబితాలో మహిళలకు ప్రాధాన్యం: వివాదం వెనక 1969 నాటి ఒక పరీక్ష

అవయవాల వెయిటింగ్ లిస్టులో మహిళలకు ప్రాధాన్యం ఇవ్వాలని జాతీయ అవయవ, కణజాల మార్పిడి సంస్థ (నోటో) 2025 ఆగస్టులో రాష్ట్రాలకు సూచించింది. దాంతో ఒక ప్రశ్న ముందుకొచ్చింది. అవయవం రోగి పరిస్థితిని బట్టి ఇవ్వాలా, ఆడా మగా చూసి ఇవ్వాలా? 2019 నుంచి 2023 వరకు దేశంలో బతికుండి అవయవాలిచ్చినవారిలో దాదాపు 64 శాతం మహిళలేనని, అందుకున్నవారిలో ఎక్కువమంది పురుషులని నోటో లెక్కలే చెబుతున్నాయి. ఈ తేడా గురించి అందరూ మాట్లాడుతున్నారు. తల్లి రక్తంలో ఉండే కారణం గురించి మాత్రం మాట్లాడేవారు తక్కువ.

కణం మనదా పరాయిదా అని ఒంటి రక్షణ వ్యవస్థ పోల్చుకునేది కణాల మీద ఉండే హెచ్ఎల్ఏ గుర్తులతో. బిడ్డలో ఆ గుర్తుల్లో సగం తండ్రి నుంచి వచ్చినవి. గర్భంతో ఉన్నప్పుడు, ముఖ్యంగా కాన్పు సమయంలో, ఆ కణాలు కొన్ని తల్లి రక్తంలో కలుస్తాయి. కొందరు తల్లుల్లో వాటికి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుడతాయి. గర్భస్రావమైనా ఇలా జరగొచ్చు. అమెరికా రక్తదాతలపై 2009లో వెలువడిన అధ్యయనంలో, ఎప్పుడూ గర్భం రాని మహిళల్లో ఇవి 2 శాతం లోపే. ఒక గర్భం తర్వాత 11 శాతం, రెండు గర్భాల తర్వాత 22 శాతం దాకా ఉన్నాయి. కాలం గడిచి యాంటీబాడీలు తగ్గినా, వాటిని మళ్లీ తయారుచేయగల జ్ఞాపక కణాలు ఒంట్లో ఉండిపోవచ్చు.

1958లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో యాన్ వాన్ రూడ్, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో రోజ్ పేన్ వేర్వేరుగా ఈ సంగతి కనిపెట్టారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు టిష్యూ టైపింగ్‌కు, అంటే ఎవరిలో ఏ హెచ్ఎల్ఏ గుర్తులున్నాయో తేల్చే పరీక్షకు, వాడిన సీరంలో (రక్తంలో యాంటీబాడీలుండే ద్రవ భాగం) చాలా భాగం పిల్లల్ని కన్న తల్లుల రక్తం నుంచి తీసిందే. ఎందరో రోగులకు సరిపడే దాతను ఎంచడానికి తల్లుల రక్తమే ఆధారమైందన్నమాట.

అసలు మలుపు 1969. లాస్ ఏంజెలెస్‌లో పటేల్, పాల్ టెరసాకి 225 కిడ్నీ మార్పిడులను పరిశీలించారు. రోగి సీరాన్ని దాత కణాలతో కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్షలో పాజిటివ్ వచ్చిన, అంటే దాత కణాలపై దాడిచేసే యాంటీబాడీలు ఉన్నట్టు తేలిన 30 మందిలో 24 మందికి కొత్త కిడ్నీ వెంటనే దెబ్బతింది. నెగెటివ్ వచ్చిన 195 మందిలో అలా జరిగింది 8 మందికే. ఇక ఈ పరీక్ష లేకుండా ఆపరేషన్ అనే మాటే లేదు. ఎన్నో ప్రాణాలు నిలిచాయి, అందులో సందేహం లేదు. కానీ యాంటీబాడీలున్న తల్లికి ఇంట్లోవాళ్ల కిడ్నీయే అందకుండా పోవచ్చు. ఆమె ఒంట్లో ఉన్నవి భర్త గుర్తులకు వ్యతిరేకంగా పుట్టినవి. ఆ గుర్తుల్లో సగం పిల్లల్లోనూ ఉంటాయి. అమ్మకు కిడ్నీ ఇస్తానని కొడుకు ముందుకొచ్చినా రిపోర్టు కాదనొచ్చు. అప్పుడామె డయాలసిస్ మీద ఉంటూ బ్రెయిన్ డెడ్ దాత కోసం ఎదురుచూడాలి. అక్కడా సరిపడే దాతలు తక్కువే.

వైద్యపరమైన కొలమానాలే ఉండాలన్నది ప్రాధాన్యాన్ని వ్యతిరేకించేవారి మాట. రక్తం ఎక్కించుకున్న పురుషుల్లోనూ యాంటీబాడీలు ఉండొచ్చు, నిజమే. అయితే యాంటీబాడీల లెక్క కూడా వైద్యపరమైన కొలమానమే కదా. కొన్ని ఐరోపా దేశాల ఉమ్మడి అవయవ పంపిణీ సంస్థ యూరోట్రాన్స్‌ప్లాంట్ 1989లోనే ఇలా యాంటీబాడీలు ఎక్కువున్న రోగులకు ప్రత్యేక మార్గం పెట్టింది. అమెరికా 2014 డిసెంబరులో తెచ్చిన విధానంలో ఒక ఏడాది నిరీక్షణకు 1 పాయింటు. దాదాపు ఏ దాతా సరిపడని రోగికి యాంటీబాడీల లెక్కన 202 పాయింట్లు. అక్కడ ఆడా మగా అన్న ప్రశ్న రాలేదు, అయినా ఎందరో తల్లులకు దారి దొరికింది. మన జాబితాలకు కావలసింది ఇలాంటి లెక్క. నోటో సూచన ఆ దిశలో మొదటి అడుగు కావాలి.

ఇంటి దాత సరిపడనప్పుడు రెండు కుటుంబాలు దాతలను మార్చుకునే స్వాప్ పద్ధతి మరో దారి. కేంద్ర అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణ దీన్ని అనుమతించింది. ఆ సవరణను స్వీకరిస్తూ తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసింది 2025లో.