గేదె, గుంజ, రేసు ట్రాకు

"బావా, నాకు రిఫ్లెక్సులు పోయాయా?"

హెల్మెట్ తీయగానే మా బావమరిది అడిగిన మొదటి మాట ఇది. అంతకు అయిదు నిమిషాల ముందు అతని కారు ఒక కుడి మలుపులో బొంగరంలా ఒకటిన్నర చుట్టు తిరిగి, వచ్చిన దారివైపే ముక్కు పెట్టి గడ్డిలో ఆగింది. కారుకీ మనిషికీ ఏమీ కాలేదు. నలభై ఎనిమిదేళ్ళ పరువుకి మాత్రం గట్టి దెబ్బే. అదే మలుపులో ఇరవై రెండేళ్ళ కుర్రాళ్ళు హాయిగా తిరిగేస్తున్నారు మరి.

చెన్నై దగ్గర, శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ (పాత పేరు మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్) అది. ఒక చుట్టు 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల) రేసు చూసి వచ్చినప్పటినుంచీ ఇతనికి ఈ పిచ్చి పట్టుకుంది. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అవుటర్ రింగ్ రోడ్డు మీద సరదా తీర్చుకోకుండా ట్రాకు మీద నేర్చుకుంటానన్నాడు కాబట్టి మా ఆవిడ కూడా ఒప్పుకుంది, బంపరుకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టి మరీ పంపింది. ట్రాకులో దిగేముందు కార్లని తనిఖీ చేసేవాళ్ళు వేలాడేవన్నీ తీసెయ్యమన్నారు. నిమ్మకాయ నా జేబులోకి వచ్చింది. "అది తీయడం వల్లే తిరిగింది" అని ఫోన్లో తీర్పు వచ్చేసింది. కొత్త బండి టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించడం చూసినప్పుడల్లా నాకో సందేహం వస్తుంది. టైరుకీ నేలకీ మధ్య రసం పోస్తే పట్టు తగ్గుతుంది కదా, ఇందులో దిష్టి తీసేదేముంది?

నేను ఫిజిక్సు లెక్చరర్ని. ఇంజను హార్స్‌పవరు, ఎగ్జాస్టు చప్పుడు, ఇవేవీ నాకు పట్టవు. వాటికి యూట్యూబు ఉంది. నా ఆసక్తంతా టైరు నేలని తాకే ఆ అరచేయంత చోటు మీదే.

అరచేయంత అని ఊరికే అనడం లేదు. 1400 కిలోల కారు బరువుని సమానంగా పంచితే ఒక్కో టైరు మీద 350 కిలోలు. గాలి 32 పీఎస్ఐ, అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు రెండుంపావు కిలోలు. భాగిస్తే 155 చదరపు సెంటీమీటర్లు. (టైరు గోడల బిగువుని లెక్కలోంచి వదిలేశాను.) బ్రేకు వేసినా, స్టీరింగు తిప్పినా, యాక్సిలరేటర్ తొక్కినా ఆ పని జరగాల్సింది ఈ నాలుగు అరచేతుల మీదే.

ఇక గేదె దగ్గరికొద్దాం. పొలంలో గుంజ పాతి, పది మూరల పలుపుతాడుతో గేదెని కట్టేశామనుకోండి. గుంజకి ఉత్తరం బ్రేకు. దక్షిణం యాక్సిలరేటర్. తూర్పు కుడి మలుపు, పడమర ఎడమ మలుపు. తాడు పొడవే టైరు పట్టు. తాడు అందినంత మేర గేదె ఎటైనా పోయి మేయవచ్చు. అందని చోటికి లాక్కెళితే తాడు తెగుతుంది, అంటే టైరు జారిపోతుంది.

చాలామంది దీన్ని జీతం లెక్కలా చెబుతారు. వందలో ఎనభై బ్రేకుకి ఖర్చు పెడితే మలుపుకి ఇరవయ్యే మిగులుతుందని. తప్పు! అరవై మిగులుతుంది. గేదె ఎనిమిది మూరలు ఉత్తరానికి పోయాక, అక్కడినుంచి తూర్పుకి ఇంకా ఆరు మూరలు పోగలదు. ఎనిమిది వర్గం అరవై నాలుగు, ఆరు వర్గం ముప్పై ఆరు, కలిపితే వంద. పదో క్లాసులో అందరం బట్టీపట్టిన పైథాగరస్సే. బలాలకి దిశ ఉంటుంది, రూపాయలకి ఉండదు. అదే తేడా.

ఇంకో మెట్టు దిగితే అసలు రుచి తెలుస్తుంది. బ్రేకు ముప్పై శాతం మాత్రమే ఉంచితే మలుపుకి ఎంత దక్కుతుంది? వందలోంచి తొమ్మిది తీసేస్తే తొంభై ఒకటి, దాని వర్గమూలం తొమ్మిదిన్నర. అంటే తొంభై అయిదు శాతం! ముప్పై పుచ్చుకుని అయిదే ఇచ్చే బేరం ఏ సంతలో దొరుకుతుంది? ఈ ఒక్క సంగతీ బోర్డు మీద గీసి చూపిస్తే వెనక బెంచీవాళ్ళు కూడా లేచి కూర్చుంటారు. మనం మాత్రం ఏళ్ళ తరబడి వాలుబల్ల మీద చెక్కదిమ్మని జార్చి, ఘర్షణ అయిపోయిందని చాప్టరు మూసేస్తున్నాం.

పాతికేళ్ళు రోడ్ల మీద నడిపినవాడి గేదె ఏం చేస్తుందంటే, మలుపు రాగానే ఉత్తరానికి పోతుంది (బ్రేకు), తిరిగి గుంజ దగ్గరికి వస్తుంది (బ్రేకు వదిలేశాడు), అప్పుడు తీరుబడిగా తూర్పుకి బయల్దేరుతుంది (స్టీరింగు). రోడ్డు మీద అదే మంచి పద్ధతి, ఎవరూ మార్చుకోనక్కర్లేదు. కానీ గంటకి 120 కిలోమీటర్ల వేగంలో గేదె గుంజ దగ్గర అర సెకను నిలబడితే చాలు, టైర్లు ఏ పనీ చెయ్యకుండానే పదహారు మీటర్లు గడిచిపోతాయి. ఆరితేరిన డ్రైవరు గేదె గుంజ దగ్గరికి రాదు. బిగిసిన తాడుని సడలనివ్వకుండా ఉత్తరం నుంచి ఈశాన్యం మీదుగా తూర్పుకి వలయం అంచునే నడుస్తుంది. బ్రేకు ఎంత మెల్లగా వదులుతుంటే స్టీరింగు అంత మెల్లగా తిరుగుతుంది. దీన్ని ట్రెయిల్ బ్రేకింగ్ అంటారు. ఈశాన్యాన బరువు పెట్టకూడదని వాస్తు పండితులు చెబుతారు. ట్రాకు మీద లాభమంతా ఈశాన్యంలోనూ వాయవ్యంలోనూ ఉంది. దక్షిణం వైపు సగంలోనే కంచె అడ్డం. మామూలు కారు ఇంజనుకి తాడుని అటు పూర్తిగా లాగే సత్తా లేదు.

అయితే ఈ తాడు పొడవు స్థిరంగా ఉండదు, అక్కడే మావాడి కొంప మునిగింది. టైరు మీద బరువు పెరిగితే తాడు సాగుతుంది, తగ్గితే కుదించుకుపోతుంది. బ్రేకు వేస్తే కారు ముక్కు కిందికి దిగడం అందరికీ తెలిసిందే. ఎంత బరువు ముందుకి పోతుందో లెక్కగట్టడం సులువు: కారు బరువుని, గురుత్వ కేంద్రం ఎత్తుని, 'జీ'లలో (అంటే గురుత్వ త్వరణానికి ఎన్ని రెట్లో ఆ లెక్కలో) వేగం తగ్గే రేటుని గుణించి, ముందు వెనక చక్రాల మధ్య దూరంతో భాగించాలి. 1400 కిలోలు, అర మీటరు ఎత్తు, రెండున్నర మీటర్ల దూరం, ఒక 'జీ' బ్రేకు. జవాబు 280 కిలోలు. అయిదున్నర సిమెంటు బస్తాలు వెనక చక్రాల మీద నుంచి ముందు చక్రాల మీదికి వచ్చి పడ్డాయన్నమాట. ముందు 700 ఉన్నది 980, వెనక 420.

మావాడు ఆ మలుపులోకి ఒక పిసరు ఎక్కువ వేగంతో వెళ్ళాడు. మధ్యలో భయం వేసింది. యాక్సిలరేటర్ మీది కాలు చటుక్కున తీసేశాడు. అప్పటిదాకా 0.2 'జీ'తో ముందుకి సాగుతున్న కారు, ఇంజను బిగపట్టడంతో 0.2 'జీ'తో వెనక్కి లాగిందనుకుందాం. పై లెక్క ప్రకారమే 112 కిలోలు, అంటే రెండు బస్తాలకి పైగా, వెనక నుంచి ముందుకి దూకాయి. వెనక టైర్లు అప్పటికే తూర్పు అంచున తాడు బిగించుకుని నిలబడి ఉన్నాయి. వాటి తాడేమో ఉన్నట్టుండి పొట్టిదైంది. ముందు టైర్లకి అదే క్షణంలో తాడు సాగింది. ముక్కు లోపలికీ తోక బయటికీ పోతే కారు తిరక్క ఏం చేస్తుంది?

కాబట్టి అతని ప్రశ్నకి నా జవాబు: రిఫ్లెక్సు పోలేదు నాయనా, అది ఠంచనుగా పనిచేసింది కాబట్టే తిరిగావు. భయం వేస్తే కాలు తియ్యడం పాతికేళ్ళుగా నిన్ను కాపాడిన అలవాటు. రోడ్డు మీద తాడు సగం కూడా వాడవు గనక అది అక్కడ చెల్లింది.

అతనికి నేర్పిన తమిళ కుర్రాడికి పాతికేళ్ళు కూడా ఉండవు. వాడు ఈ లెక్కలేవీ చెప్పలేదు. "కాలు తీసెయ్యకండి సార్, మెల్లగా ఇచ్చెయ్యండి" అన్నాడు, అరచేతిని గాల్లో అలా నెమ్మదిగా పైకి లేపి చూపిస్తూ. నా రెండు పేజీల లెక్క ఆ చేతి కదలికలో ఉంది.

ఇక్కడ చెక్కదిమ్మ పాఠానికి లొంగని సంగతొకటుంది. ఘర్షణ గుణకం బరువుమీద ఆధారపడదని పుస్తకం చెబుతుంది. రబ్బరు ఆ మాట వినదు. బరువు పెరిగేకొద్దీ దాని గుణకం కాస్త తగ్గుతుంది. ఉదాహరణకి, 350 కిలోల దగ్గర గుణకం 1 అనుకుందాం, 500 దగ్గర 0.95, 200 దగ్గర 1.05. మలుపులో లోపలి టైరు నుంచి బయటి టైరుకి 150 కిలోలు మారితే, మొత్తం పట్టు 475, 210 కలిపి 685. ముందు 700 ఉండేది. ఒక తాడు సాగిన దానికంటే రెండోది ఎక్కువ కుదించుకుపోయింది. అందుకే రేసు కార్లు నేలకి అతుక్కుపోయినట్టు కిందికి ఉంటాయి. గురుత్వ కేంద్రం ఎంత కిందికుంటే అంత తక్కువ బరువు చేతులు మారుతుంది. పైగా తాడు ఉక్కుతీగ కాదు, కాస్త సాగే రకం. టైరు చూసే దిక్కుకీ నిజంగా పోయే దిక్కుకీ కొన్ని డిగ్రీల తేడా వచ్చినప్పుడే పట్టు శిఖరానికి చేరుతుంది. అంటే రబ్బరు కొంచెం జారుతూనే గట్టిగా పట్టుకుంటుంది. స్టీరింగులో ఆ బిగువు ఎక్కడ పలచబడుతోందో వేళ్ళకి తెలియాలి. అది పుస్తకంలో దొరకదు.

మలుపుని బయటి అంచు నుంచి మొదలుపెట్టి, లోపలి అంచుని తాకి, మళ్ళీ బయటికి పోవడం గురించి అందరూ రాస్తారు గనక ఒక్క లెక్కతో దాటేస్తాను. గుణకం 1 అయితే 50 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో దాదాపు 80 కిలోమీటర్ల వేగమే సాధ్యం. గీతని సాగదీసి 60 మీటర్లు చేస్తే 87.

వేడి గురించి మాత్రం ఆగి చెప్పాలి. ఆ కారు 160 నుంచి 80కి దిగాలంటే, ఒక 'జీ' దగ్గర, రెండుంపావు సెకన్లు. ఆ కాస్త సమయంలో బ్రేకులు పది లక్షల జూళ్ళకి పైగా మింగుతాయి. ఆ శక్తితో మూడున్నర లీటర్ల కుళాయి నీళ్ళు మరిగించవచ్చు. ప్రతి పెద్ద మలుపు దగ్గరా మూడున్నర లీటర్లు! డాట్ 4 రకం బ్రేకు ద్రవం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చిన పాతదైతే ఆ హామీ 155కే. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుట్టి, పెడలు మెత్తగా నేలకి దిగిపోతుంది. కారు తెచ్చేముందు ద్రవం మార్చామని సర్వీసు సెంటరువాళ్ళు బిల్లు ఇచ్చారు. మార్చలేదని నాలుగో చుట్టులో పెడలు చెప్పింది. మధ్యాహ్నం అక్కడే పోయించుకున్నాం.

వయసు సంగతి ఏమిటి మరి? పాల్ న్యూమన్ అనే హాలీవుడ్ నటుడు పోటీ రేసుల్లోకి దిగింది 1972లో, నలభై ఏడేళ్ళప్పుడు. 1979లో ల మాన్ 24 గంటల రేసులో ఆయన జట్టు రెండో స్థానంలో నిలిచింది. 1995లో డేటోనా 24 గంటల రేసులో డెబ్బై ఏళ్ళ వయసులో తమ విభాగంలో గెలిచిన జట్టులో ఉన్నాడు. అర్జెంటీనా రేసు డ్రైవరు ఫాంజియో అయిదోసారి ప్రపంచ చాంపియన్ అయింది 1957లో, నలభై ఆరేళ్ళకి. వయసుతో స్పందన కొంత మందగిస్తుంది, నిజమే. కానీ బ్రేకు ఎక్కడ వెయ్యాలో ముందే తెలిసినవాడు స్పందించడం లేదు, ఎదురుచూస్తున్నాడు.

నడివయసు అసలు చిక్కు నాకు కళ్ళద్దాల్లో కనిపించింది. మావాడివి ప్రోగ్రెసివ్ అద్దాలు, దూరానికీ దగ్గరికీ కలిపి ఒకటే. వాటిలో నడిమి దారి స్పష్టంగా, పక్కలు మసకగా ఉంటాయి. మలుపు తిరిగేటప్పుడు మనిషి చూపు లోపలి అంచు వంగే చోట నిలుస్తుందని మైకేల్ లాండ్, డేవిడ్ లీ 1994లో డ్రైవర్ల కంటి కదలికలు కొలిచి చూపించారు. ఆ చోటు మనకి పక్కన ఉంటుంది. మావాడు తల తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పుతున్నాడు, అంటే సరిగ్గా మసక ముక్కలోంచి చూస్తున్నాడు! అదృష్టవశాత్తు దూరపు చూపుకి పనికొచ్చే పాత అద్దాలు బ్యాగులో ఉన్నాయి. అవి పెట్టుకున్నాక స్పీడోమీటరు అంకెలు అలికినట్టున్నాయన్నాడు. చూడకు అన్నాం.

ఫోన్లో ఒక యాప్ ఉంది. కారు ఏ క్షణంలో ఎటు ఎంత బలంగా లాగిందో ముగ్గు చుక్కల్లా పెడుతుంది. పొద్దున చుక్కలు అచ్చం కూడిక గుర్తులా ఉన్నాయి: నిలువుగా బ్రేకు, అడ్డంగా మలుపు, మూలలన్నీ ఖాళీ. గేదె ప్రతిసారీ గుంజ దగ్గరికి వచ్చి వెళ్ళిన జాడ అది. సాయంత్రం ఆఖరి విడతలో ఈశాన్యం మూల కాస్త నిండింది, వంపు తిరిగి గుండ్రమయ్యింది. చుట్టుకి పట్టిన సమయం నాలుగు సెకన్లు తగ్గింది. పొద్దున తిరిగిన మలుపు కుడివైపుదే కదా, తమిళ కుర్రాడు రోజంతా దాని మీదే కూర్చోబెట్టాడు.

మావాడు స్క్రీనుని వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. "ఈ పక్క ఏంటి బావా, ఒక్క చుక్కా లేదు?"

ఎడమ మలుపుల వైపు, వాయవ్యం. అటు గడ్డి ఇంకా ఎవరూ ముట్టలేదు.