నీళ్ళ రిపోర్టు చూసి పూడిక మట్టి తోలుకోకండి

ఈ నెలలో ఇది మూడోసారి. ఒక పెద్దాయన ల్యాబ్‌కి వచ్చి చేతిలో రిపోర్టు పెట్టి "సార్, చెరువు నీళ్ళు టెస్ట్ చేయించినం, అంతా మంచిగనే ఉంది, ఇగ మట్టి పొలంలకు తోలుకోవచ్చు గదా" అన్నాడు. అప్పటికే నలభై ట్రాక్టర్ల ట్రిప్పులు పోయించాడంట. ఆయన తప్పేం లేదు, ఎవరో చెప్పారు, నమ్మాడు. ఆ చెప్పినవాళ్ళ మీదే నా కోపం.

నీళ్ళు బాగుంటే మట్టి బాగున్నట్టే అన్నది మా ఫీల్డ్‌లో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ. సీసం, క్రోమియం, కాడ్మియం లాంటివి నీళ్ళలో ఎక్కువకాలం నిలవవు, సన్నటి బంకమట్టిని పట్టుకుని అడుక్కి దిగిపోతాయి. నీళ్ళు అలుగు దూకి పోతాయి, మళ్ళీ వానకి కొత్తవి వస్తాయి, మట్టి మాత్రం కట్ట వెనకాలే ఉండిపోతుంది. ఎగువన ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడినా అది వదిలింది ఆ పొరలో అలాగే ఉంటుంది. అమెరికాలో మోంటానాలో 1908లో కట్టిన మిల్‌టౌన్ డ్యామ్ వెనకాల బ్యూట్ రాగి గనుల వ్యర్థం చేరింది, 1981లో మిల్‌టౌన్ ఊరి బావుల్లో ఆర్సెనిక్ బయటపడింది. చివరికి 2008లో డ్యామ్‌నే తీసేశారు, బాగా చెడిపోయిన మట్టిని విడిగా తవ్వి రైళ్ళలో తరలించారు.

సరే మట్టే టెస్ట్ చేయిద్దాం అనుకున్నా, శాంపిల్ ఎక్కడిది? వాగు వచ్చి కలిసేచోట నేల ఆరి ఉంటుంది, నడిచి వెళ్ళొచ్చు, అక్కడో కిలో ఎత్తి కవర్లో వేసుకొస్తారు. అక్కడ ఆగేది ఇసుక. మెటల్స్ పట్టుకునే సన్నటి ఒండ్రు కట్ట దగ్గర, తూము దగ్గర లోతులో పేరుకుంటుంది. నేను చేరిన కొత్తలో ఒక ఇండస్ట్రియల్ ఏరియా కింది చెరువుకి కాంట్రాక్టర్ తెచ్చిన బస్తా టెస్ట్ చేస్తే ఏమీ రాలేదు, మా సీనియర్‌కి నమ్మకం కుదరక పడవ మీద వెళ్ళి తూము దగ్గర పైపు దింపి తీశాం. పైన మామూలు మట్టే, రెండడుగుల కింద పొరలో క్రోమియం అంతకు ఎన్నో రెట్లు వచ్చింది. అందుకే పైపు దింపి తీసిన మట్టిని పొరల వారీగా విడిగా పంపమంటాం, అంతా కలిపేస్తే చెడ్డ పొర మంచిదాంట్లో కలిసి కనపడకుండా పోతుంది.

ఇంకోటి, టీసీఎల్‌పీ అనే ల్యాబ్ టెస్ట్ పాస్ అయింది కాబట్టి పొలానికి మంచిదే అనేది. కాదండీ. ఆ టెస్ట్‌లో మట్టిని ఎసిటిక్ యాసిడ్ ద్రావణంలో సుమారు 18 గంటలు తిప్పి ఎంత కరిగి బయటికొచ్చిందో చూస్తాం. ప్రమాదకర వ్యర్థాల మీద కేంద్రం 2016లో తెచ్చిన రూల్స్‌లో సీసానికి లీటరుకి 5 మిల్లీగ్రాముల హద్దు ఉంది, అది ప్రమాదకర వ్యర్థమా కాదా తేల్చడానికే, అందులో వంకాయలు పండించొచ్చా అని చెప్పడానికి కాదు. మట్టిలో మొత్తం ఎంతుందో చెప్పే, కిలోకి ఇన్ని మిల్లీగ్రాములు అని వచ్చిన అంకెను తెచ్చి ఈ లీటరు హద్దుతో పోల్చి భయపడేవాళ్ళూ, ధైర్యపడేవాళ్ళూ ఇద్దరూ ఉన్నారు. రెండూ తప్పే.

నల్లగా కంపు కొడితే విషమేనా అంటే కాదు, గాలి ఆడని బురద ఎక్కడైనా అలాగే ఉంటుంది. ఎర్రగా ఉంటే మంచిదా అంటే అదీ కాదు.

పూడిక మట్టంటేనే భయపడే పల్లె రైతులకి ఒక మాట. పైన ఫ్యాక్టరీ, గని, పట్నం మురుగు ఏవీ లేని చెరువైతే అంత కంగారు అక్కర్లేదు, మిషన్ కాకతీయకి ఎన్నో తరాల ముందు నుంచే మనవాళ్ళు ఆ మట్టి తోలుకుంటున్నారు. కానీ హుస్సేన్ సాగర్‌లో కూకట్‌పల్లి నాలా కలిసేచోటి మట్టినీ దాన్నీ ఒకే గాటన కట్టకండి.

ఆ పెద్దాయనకి చెప్పిందే అందరికీ చెప్తున్నా: ఇప్పటికే పోయించి ఉంటే దున్ని కలపకండి, కుప్పలుగానే ఉంచండి, వాన పడేలోపు టార్పాలిన్ కప్పండి, పిల్లల్ని అటు పోనివ్వకండి. కుప్పలుగా ఉంటే ఇంకా ఎత్తి తీసేయొచ్చు. ఆయన కుప్పల శాంపిల్స్ నిన్ననే తీసుకొచ్చాం, రిపోర్టు వచ్చేవారం.