అడ్మిట్ కాని పిల్లలు, అందని బీమా

విశాఖలో ఆటిజం ఉన్న పిల్లల కోసం నడిచే ఏ థెరపీ సెంటర్ బయట కూర్చున్నా తల్లిదండ్రుల మధ్య ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది: "మీ పాలసీలో స్పీచ్ థెరపీకి ఇస్తారా?" గాజువాక నుంచి వచ్చినవారైనా, మధురవాడ నుంచి వచ్చినవారైనా చెప్పే జవాబు దాదాపు ఒక్కటే, ఇవ్వరని. ఎందుకివ్వరో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1986లో ప్రభుత్వ రంగ బీమా కంపెనీలు మెడిక్లెయిమ్ అనే ఆరోగ్య బీమా పాలసీ తెచ్చాయి. ఆసుపత్రిలో చేరాలి, కనీసం 24 గంటలు ఉండాలి, అప్పుడే క్లెయిమ్. గుండె ఆపరేషన్‌కి, విరిగిన కాలికి ఆ లెక్క సరిపోయింది. కానీ ఆటిజం ఉన్న పిల్లవాణ్ణి అందుకోసం ఎవరూ బెడ్ మీద పడుకోబెట్టరు. వారానికి కొన్ని సెషన్ల చొప్పున స్పీచ్, ఆక్యుపేషనల్ (రోజువారీ పనులు నేర్పేది), బిహేవియర్ థెరపీలు ఏళ్ల తరబడి సాగాలి. ఖర్చంతా అక్కడే, పాలసీ మాత్రం అటు చూడదు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మనకు దగ్గర్లోని శ్రీకాకుళం ఒకటి. ఎన్నో ఇళ్లను అప్పుల నుంచి కాపాడిన పథకమది. అయితే అదీ ఆపరేషన్లు, ఆసుపత్రి చికిత్సల చుట్టూ అల్లుకున్నదే.

ఇంకో చిక్కు చట్టంలో ఉండేది. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలను గుర్తిస్తే, వాటిలో ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం మొదటిసారి ఆటిజం పేరును చట్టంలోకి తెచ్చింది. ఆ చట్టంతో ఏర్పడిన ట్రస్ట్ 2008లో తెచ్చిన నిరామయ ఆరోగ్య బీమా పథకం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అర్హత ఉండి కూడా దాని పేరే వినని అమ్మానాన్నలు మన ఊళ్లో ఇంకా కనిపిస్తారు. ఏడాదికి లక్ష రూపాయల వరకు కవర్. ముందస్తు వైద్య పరీక్షలు లేవు, "ఇది పాత జబ్బు" అని తోసేయడం లేదు. అన్నిటికంటే ముఖ్యంగా ఓపీ ఖర్చులు, థెరపీ అందులో ఉన్నాయి. చేరడానికి బీపీఎల్ కుటుంబాలకు 250 రూపాయలు, మిగిలినవారికి 500. అయితే లక్షలో థెరపీకి విడిగా ఒక పరిమితి ఉంది. ఏళ్లపాటు సాగే సెషన్లకు అది చాలదు. పైగా ముందు మన జేబులోంచి కట్టి, తర్వాత రీయింబర్స్‌మెంట్ కోసం ఎదురుచూడాలి. నెల జీతంతో నడిచే ఇంటికి ఆ ఎదురుచూపే పెద్ద టెన్షన్.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 21కి పెంచి, ఆటిజాన్ని చేర్చింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం, మానసిక అనారోగ్యానికి కూడా శారీరక అనారోగ్యంతో సమానంగా బీమా ఇవ్వాలంది. కానీ ఆ అనారోగ్యం నిర్వచనంలో ఆటిజం పేరు రాయలేదు. 2022 డిసెంబరులో, వైకల్యం ఉన్న ఒక వ్యక్తికి పాలసీ నిరాకరించిన కేసులో ఢిల్లీ హైకోర్టు గట్టిగా మాట్లాడాక, 2023 ఫిబ్రవరిలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రతి కంపెనీ వికలాంగుల కోసం ఒక పాలసీ తేవాలని ఆదేశించింది. తలుపైతే తెరుచుకుంది. లోపల ఉన్నది మాత్రం మళ్లీ ఆసుపత్రి అడ్మిషనే.

అమెరికాలో ఈ పోరాటం వేరే దారిలో నడిచింది. 2001లో ఇండియానాతో మొదలుపెట్టి, ఆటిజం చికిత్సకు బీమా ఇవ్వాల్సిందేనని ఒక్కో రాష్ట్రం చట్టం చేసుకుంటూ వచ్చింది. 2019కి 50 రాష్ట్రాలూ పూర్తయ్యాయి. అక్కడ అమ్మానాన్నలు శాసనసభల చుట్టూ తిరిగి సాధించుకున్నది ఇది. మన పిల్లల సెషన్లకు కూడా పాలసీలో ఒక లైన్ రాయమని అడగడం అత్యాశ కాదు.

ప్రస్తుతానికి, సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) చేతికి వచ్చిన వెంటనే నిరామయలో చేర్పించండి. దాని పాలసీ సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, రెన్యువల్ మరిచిపోవద్దు. డాక్టర్ ప్రిస్క్రిప్షన్లతో పాటు ప్రతి సెషన్ రశీదునూ దాచుకోండి.