తుంటి విరిగిన పెద్దవాళ్లు: బతుకు లెక్క ఎక్కడ మొదలైంది

ముసలితనంలో తుంటి విరిగితే ‘ఇంక మంచమే’ అనే మాట మన ఊళ్లలోనే పుట్టింది కాదు. రెండొందల ఏళ్ల కిందట లండన్‌లోనూ అదే భయం. కీళ్లు తప్పడం, విరగడం గురించి 1822లో పెద్ద పుస్తకం రాసిన సర్జన్ ఆస్లీ కూపర్, తుంటి కీలు లోపల విరిగిన ఎముక ముసలివాళ్లలో అతుక్కోదని తేల్చేశాడు. అతుక్కోనిదాని కోసం నెలల తరబడి పడుకోబెడితే ఒంట్లో ఉన్న కాస్త సత్తువా పోతుంది. అందుకని కొన్నాళ్లు కాలికింద దిండు పెట్టి, నొప్పి తగ్గగానే చంకకర్రలిచ్చి లేపమన్నాడు. ప్రాణం తీసేది మంచమేనని ఆయనకు అప్పుడే తెలుసు.

వందేళ్ల తర్వాత ఎముకకు దారి దొరికింది. 1925లో బోస్టన్‌లో స్మిత్-పీటర్సన్ మూడు రెక్కల మేకుతో తుంటిని లోపలి నుంచి బిగించాడు. ఆ తర్వాత తుంటి కీలులో పెట్టే లోహపు బాల్స్, ప్లేట్లు, రాడ్లు వచ్చాయి. ఎక్స్-రేలో అంతా చక్కగా ఉండేది, పేషెంట్ మాత్రం న్యుమోనియాతోనో, గుండె ఆగో, ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిన రక్తంతోనో పోయేవాడు. ఇప్పటికీ చాలా దేశాల్లో తుంటి విరిగిన పెద్దవాళ్లలో ఏడాది తిరిగేసరికి నూటికి 20 నుంచి 30 మంది మిగలరు.

మరి ఎవరు బతుకుతారు? ఆపరేషన్‌కు ముందు పేషెంట్ ఒంటి స్థితిని అంచెలుగా చెప్పే పద్ధతి అమెరికా మత్తు డాక్టర్లు 1941లోనే మొదలుపెట్టారు. అది అన్ని ఆపరేషన్లకూ కలిపి వేసిన మోటు లెక్క. 1991లో బ్రిటన్‌లో వచ్చిన పోసమ్ స్కోరు ఇంకాస్త సూక్ష్మమైనదే, కానీ అందులో ఆపరేషన్‌లో ఎంత రక్తం పోయిందో కూడా వేయాలి. కోత పెట్టకముందే ఇంట్లోవాళ్లు ‘తట్టుకుంటుందా డాక్టర్’ అని అడుగుతుంటే అది ఏం పనికొస్తుంది?

తుంటి కోసమే పుట్టిన లెక్క 2008లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ నుంచి వచ్చింది. అక్కడి ఒకే ఆసుపత్రిలో 1999 నుంచి 2006 దాకా చేరిన 4,967 మంది వివరాలు తీసి, 30 రోజుల్లో ఎవరు చనిపోయారో చూసి, పది పాయింట్ల స్కోరు తయారుచేశారు. 66 నుంచి 85 ఏళ్ల వారికి 3, 86, ఆపైన అయితే 4. మగవాడైతే ఒకటి. హిమోగ్లోబిన్ 10 గ్రాములు మించకపోతే ఒకటి. వృద్ధాశ్రమంలో ఉంటే ఒకటి. రెండు, అంతకన్నా ఎక్కువ జబ్బులుంటే ఒకటి. గత 20 ఏళ్లలో క్యాన్సర్ వచ్చి ఉంటే ఒకటి. జ్ఞాపకశక్తి పరీక్షలో పదికి ఆరో, అంతకన్నా తక్కువో వస్తే ఇంకొకటి. ఎముక ఎక్కడ విరిగింది, ఎన్ని ముక్కలైంది అన్న ప్రశ్నే ఇందులో లేదు. లెక్కంతా జారిపడక ముందటి మనిషిది.

ఆ జ్ఞాపకశక్తి పరీక్ష 1972 నాటిది. మొదటి ప్రపంచయుద్ధం ఏ సంవత్సరంలో మొదలైంది, ఇప్పుడు రాజు ఎవరు అని అడుగుతారు. మన పల్లెలో అమ్మమ్మను ఇవే అడిగితే నిక్షేపంలాంటి తెలివి ఉన్నా ఫెయిలే!

స్కోరు 4 లోపు ఉన్నవాళ్లలో ఏడాదికి నూటికి 84 మంది బతికారని, అంతకు మించినవాళ్లలో సగం కంటే కాస్త ఎక్కువ మందే మిగిలారని 2011లో అదే ఊరి డాక్టర్లు లెక్కతేల్చారు. తమాషా ఏమిటంటే, ఆ మరుసటి ఏడాదే ఈ స్కోరును సరిదిద్దాల్సి వచ్చింది. అది చెప్పినంతమంది చనిపోవడం లేదు. బ్రిటన్‌లో 2007లో తుంటి కేసులన్నీ నమోదు చేసే జాతీయ డేటాబేస్ మొదలైంది. 36 గంటల్లో ఆపరేషన్ చేసి, వృద్ధుల వైద్యుడితోనూ చూపిస్తే ఆసుపత్రికి అదనపు డబ్బు ఇస్తామని 2010లో ప్రభుత్వం అంది. నమోదు చేసిన ఆసుపత్రుల్లో 30 రోజుల మరణాలు 2007లో నూటికి 10.9 ఉంటే 2011కి 8.5 అయ్యాయి. ఎముకల డాక్టర్, వృద్ధుల డాక్టర్ ఒకే వార్డులో కలిసి చూడటం మాత్రం కొత్త కాదు. ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్‌లో ఎముకల డాక్టర్ డెవాస్, వృద్ధుల డాక్టర్ ఇర్విన్ ఇద్దరూ అంతకు దశాబ్దాల ముందే చేసి చూపించారు.

ఇంకా తొందరపడి 6 గంటల్లో చేస్తే? 17 దేశాల్లో 2,970 మందిపై జరిగి 2020లో వెలువడిన ట్రయల్‌లో మరణాలు 9 శాతం, మామూలుగా చేసినవాళ్లలో 10 శాతం. పెద్ద తేడా లేనట్టే. కాకపోతే మతి చెదరడం, మూత్రంలో ఇన్ఫెక్షన్ తగ్గాయి, త్వరగా లేచి నిలబడ్డారు.

మన దగ్గర ఆలస్యం గంటల్లో ఉండదు. ‘ఫిట్‌నెస్’ కోసం రోజులు, డబ్బు కోసం ఇంకొన్ని. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాళ్లు తక్కువ కాబట్టి ఆ దారిలో కొన్ని. చేతికి కట్టినట్టు తుంటికి కట్టు కట్టి కదలకుండా ఉంచడం మాత్రం కుదరదు. ఇక నాటింగ్‌హామ్ స్కోరును ఇక్కడ ఉన్నదున్నట్టు వేస్తే ఇంకో చిక్కుంది. అక్కడ వృద్ధాశ్రమంలో ఉండటమంటే తన పని తాను చేసుకోలేకపోవడం. అదే స్థితిలో ఉన్న పెద్దావిడ మన దగ్గర కొడుకింట్లోనే ఉంటుంది. ఆ గడిలో ఆమెకు పడేది సున్నా.