స్క్రాప్‌లో కొన్న వెనక హౌసింగ్‌ను పాత జీపుకు, అంబాసిడర్‌కు ఎక్కించడం: అపోహలు - వాస్తవాలు

 అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగింది. ఇప్పుడు వెనక ఇరుసు హౌసింగ్ (చక్రాల షాఫ్టులూ, వాటిని తిప్పే గేర్లూ లోపల ఉండే ఇనుప గొట్టం) వంగినా పగిలినా సూర్యాపేట, మిర్యాలగూడ, జడ్చర్ల వైపు పాత సామాన్ల దుకాణాల్లో వెతుక్కోవాల్సిందే. అక్కడ దాన్ని కాంటా మీద పెట్టి కిలోల లెక్కన ఇస్తారు. బండికి ఎక్కించేటప్పుడు మాత్రం మిల్లీమీటర్ల లెక్క చూడాలి. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే పని చెడి, మళ్లీ విప్పాల్సి వస్తున్నది.

అపోహ: "హౌసింగంటే ఉత్త ఇనుప గొట్టం. దాంట్ల ఖరాబయ్యేదేముంటది?"

వంగుతుంది. అది కూడా కంటికి కనపడనంత వంగుతుంది. బరువు కమాన్ పట్టీల (లీఫ్ స్ప్రింగుల) దగ్గర కిందికి నొక్కుతుంది, టైర్లు రెండు చివర్లనూ పైకి మోస్తాయి. ఓవర్‌లోడుతో ఏళ్లకేళ్లు తిరిగిన బండిలో, ట్రాలీ కింద వాడిన ఇరుసులో నడుమ కుంగి చివర్లు లేస్తాయి. చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది, టైరు లోపలి అంచు ముందుగా అరుగుతుంది. ఒక వైపు ఆయిల్ సీల్ ఎన్నిసార్లు మార్చినా కారుతుంటే, ఒక వైపు ఆక్సిల్ షాఫ్టే (చక్రాన్ని తిప్పే కడ్డీయే) పదే పదే తెగుతుంటే సీల్‌నూ షాఫ్ట్‌నూ తిట్టుకోవద్దు, గొట్టాన్ని కొలవండి.

పాత బండి ఇంకా చక్రాల మీదే ఉంటే పని సులువు. వెనక భాగం జాకీ మీద లేపి, ఇరుసు కింద స్టాండ్లు పెట్టండి. చక్రం తిప్పుతూ రెండు టైర్ల మీదా సుద్దతో పట్టీ వేసి, దాని మీద మేకు మొనతో సన్నటి గీత గీయండి. హబ్ ఎత్తులో ఆ రెండు గీతల మధ్య దూరాన్ని ముందు వైపు ఒకసారి, వెనక వైపు ఒకసారి కొలవండి. వెనక ఇరుసుకు ఈ రెండూ సమానంగా రావాలి. 3 మి.మీ. దాటి తేడా వస్తే అనుమానించాలి. అప్పుడు ఒక్కో చక్రాన్ని అర చుట్టు తిప్పి మళ్లీ కొలవండి. చక్రంతోపాటు తేడా కూడా మారితే వంగింది రిమ్ము. తేడా అక్కడే నిలిస్తే వంగింది హౌసింగ్. ఇది ముందు వెనకల వంకర. పైకీ కిందికీ ఉన్న వంకరకు, సమతలంగా ఉన్న నేల మీద చక్రం పైఅంచు నుంచీ కింది అంచు నుంచీ ఇదే పద్ధతిలో కొలవాలి.

విప్పి పడేసిన హౌసింగ్ అయితే లేత్ షాపుకు తీసుకెళ్లాలి. డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకూ బలాన్ని పంచే గేర్ల ముద్ద) బేరింగులు కూర్చునే గుంతల్లోకి సరిపడే రెండు బుష్‌లు చేయించి, వాటి గుండా సూటిగా ఉన్న బ్రైట్ బార్ (నున్నటి ఉక్కు కడ్డీ) దూర్చాలి. గొట్టం చివర్లో బార్ చుట్టూ నాలుగు వైపులా సందు ఒకేలా ఉండాలి. జీపుల్లోని డానా 44 (ఒక ఇరుసు మోడల్) తరహా హౌసింగుకు ఇది నేరుగా కుదురుతుంది. అంబాసిడర్‌లో ఆ బేరింగులు విడిగా ఊడివచ్చే గేర్ల ముద్దలో ఉంటాయి కాబట్టి, దాన్ని బిగించాకే కొలవాలి.

అపోహ: "ఒకటే మోడల్ అయితే కళ్లు మూసుకుని ఎక్కియ్యొచ్చు"

ఒకే పేరుతో దశాబ్దాలు తయారైన బండ్లివి. మధ్యలో ఇంజన్లు మారాయి, గేర్‌బాక్సులు మారాయి, బ్రేకులు మారాయి. డబ్బు ఇచ్చే ముందు పాతదానితో పోల్చి ఇవన్నీ రాసుకోండి: బ్రేక్ ప్లేటు నుంచి బ్రేక్ ప్లేటుకు దూరం, కమాన్ ప్యాడ్ల నడుమ దూరం, ప్యాడ్ వెడల్పు, సెంటర్ బోల్టు తల కూర్చునే రంధ్రం, యూ బోల్టు లోపలి వెడల్పు, పీనియన్ (ఇంజన్ వైపు నుంచి వచ్చే షాఫ్ట్ తిప్పే చిన్న గేరు) ఫ్లాంజి రంధ్రాల దూరం, ఆక్సిల్ షాఫ్ట్ పళ్ల సంఖ్య, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ పట్టే చోటు. మరలు అంగుళాలవా మిల్లీమీటర్లవా అన్నది కూడా చూడండి. చేత్తో రెండు చుట్లు ఎక్కి పట్టేసిన నట్టును పానాతో గుంజితే మర పోతుంది. కొన్ని హౌసింగులకు ఒక వైపు హబ్ నట్టు ఎడమ మర ఉంటుంది. రాకపోతే సుత్తె అందుకునే ముందు మర ఏ వైపుదో చూడండి.

అపోహ: "జీపుకు వెనక ఇరుసొక్కటి మార్చినా ఏం కాదు, రేషియో ఏదైతేంది"

డబ్బు బాగా వదిలించే తప్పు ఇదే. రేషియో అంటే క్రౌన్ (పీనియన్ తిప్పే పెద్ద గేరు) పళ్లను పీనియన్ పళ్లతో భాగిస్తే వచ్చే అంకె. పాత జీపుల్లో క్రౌన్‌కు 43, పీనియన్‌కు 8 పళ్లున్నవి, అంటే 5.38వి, తిరుగుతున్నాయి. 39, 8 పళ్లతో 4.88వీ ఉన్నాయి. ముందు 5.38 ఉండగా వెనక 4.88 పెట్టి ఫోర్‌వీల్ డ్రైవ్ వేస్తే ముందు వెనక చక్రాలు రెండు వేగాల్లో తిరగాలని చూస్తాయి. రేగడి బురదలో టైర్లు జారి కొంత సర్దుకుంటాయి. గట్టి రోడ్డు మీద జారే వీలుండదు. ఆ మెలికంతా జాయింట్ల మీద, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక ఇరుసులకు బలం పంచే పెట్టె) మీద పడుతుంది. ఫోర్‌వీల్ లివర్ బయటికి రాదు, తర్వాత ఏదో ఒకటి విరుగుతుంది.

రేషియో తెలుసుకోవడానికి హౌసింగ్ విప్పనక్కర్లేదు. ఒక హబ్‌ను కదలకుండా పట్టుకుని, రెండోదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పి, పీనియన్ ఫ్లాంజి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. ఐదు చుట్లు దాటి ఇంకో మూడో వంతు పైన తిరిగితే 5.38, ఐదుకు కొద్దిగా ముందే ఆగితే 4.88. టూవీల్ డ్రైవ్ జీపు అయినా స్పీడోమీటర్ గేర్‌బాక్సు నుంచి నడుస్తుంది కాబట్టి, 5.38 తీసి 4.88 వేస్తే మీటరు 50 చూపినప్పుడు నిజం వేగం 55 ఉంటుంది.

అపోహ: "బేరింగ్ లూజుంటే పంచ్ కొడితే టైటవుతది"

పంచ్ కొట్టినచోట లేచేవి చుక్కలే. బేరింగ్ ఆ చుక్కల మీద నిలబడుతుంది, కొన్నాళ్లకే అవి అణిగిపోతాయి. బయటి రింగు తిరగడం మొదలెడితే గుంత ఇంకా పెద్దదవుతుంది. సన్న రేకు ముక్క దూర్చినా అంతే, దాని మీద బేరింగ్ పక్కకు కూర్చుంటుంది. సందు 0.05 మి.మీ. లోపుంటే బేరింగులు పట్టించే గట్టి రసాయనంతో నడుస్తుంది. అంతకు మించితే గుంతను బోరు చేసి స్లీవ్ వేయించాలి. ఆ ఖర్చుకు ఇంకో హౌసింగ్ వస్తుందేమో ముందే చూసుకోవడం మంచిది.

అపోహ: "క్రౌన్ మంచిగుంది, పీనియన్ ఒక్కటి మార్చుకుంటే అయిపాయె"

ఆ రెంటినీ ఫ్యాక్టరీలో కలిపి అరగదీసి జత చేస్తారు. జత నంబరు రెంటి మీదా చెక్కి ఉంటుంది, నంబర్లు కలవకపోతే కొనొద్దు. బేరింగ్ క్యాపులను కూడా ఎడమ కుడి మార్చొద్దు, విప్పే ముందే గుర్తు పెట్టుకోండి.

జత కూర్చోబెట్టాక క్రౌన్ పళ్లకు, నూనెలో కలిపిన రెడ్ లెడ్ (ఎర్ర రంగు పొడి) పల్చగా పూసి, చక్రాన్ని కాస్త అదిమిపట్టి తిప్పండి. ముద్ర పన్ను నడుమ పడాలి. పన్ను తల మీద పడితే పీనియన్ దూరంగా ఉంది, షిమ్ముతో (పల్చటి రేకు బిళ్లతో) లోపలికి జరపాలి. అడుగున పడితే మరీ లోపలికి పోయింది. లోపలి సన్న కొస మీద పడితే క్రౌన్ మరీ దగ్గరుంది, బయటి మందపు కొస మీద పడితే దూరముంది. పళ్ల మధ్య ఆటను డయల్ గేజీతో చూడాలి. ఈ సైజు ఇరుసులకు సాధారణంగా 0.10 నుంచి 0.20 మి.మీ. మధ్య ఉంటుంది. క్రౌన్ మీద చెక్కిన అంకె ఉంటే దాన్నే పాటించాలి. పీనియన్‌కు నలిగే స్లీవ్ (నట్టు బిగించేకొద్దీ నలిగి బేరింగుల పట్టును నిలిపే గొట్టం) ఉన్న రకమైతే ప్రతిసారీ కొత్తదే వేయాలి. నట్టు ఎక్కువ బిగిసిందని వెనక్కి వదిలితే పాత పట్టు రాదు, ఇంకో స్లీవ్ వేయాల్సిందే.

అపోహ: "శబ్దమొస్తే ఆయిల్ల గ్రీజు కలుపు"

గ్రీజు కలిపితే క్రౌన్ తిరిగినచోట కాలువలా దారి పడి, నూనె మళ్లీ అక్కడికి చేరదు. ముందుగా ఎండిపోయేవి పీనియన్ బేరింగులు. శబ్దాన్ని వినండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడొక తీరు, వదిలితే మరో తీరు అయితే పళ్ల పట్టు తప్పింది. మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు ఇది బాగా వినపడుతుంది. తొక్కినా వదిలినా ఒకటే గురగుర ఉంటే బేరింగు. మలుపులో పెరిగి తగ్గితే చక్రం బేరింగు. హైపాయిడ్ క్రౌన్‌కు (పీనియన్ క్రౌన్ నడుమ కన్నా కిందికి కూర్చునే రకానికి) జీఎల్-5 తరగతి గేర్ నూనె, చిక్కదనం 90 లేదా మన ఎండలకు 85డబ్ల్యూ-140, లెవెల్ ప్లగ్ కింది అంచు దాకా పోయాలి.

అపోహ: "కమాన్ ప్యాడ్లు ఇక్కడనే వెల్డింగ్ ఏసేద్దాం, ఐదు నిమిషాల పని"

వెల్డింగ్ వేసిన వైపుకు గొట్టం చల్లారేటప్పుడు లాక్కుంటుంది, సూటిగా ఉన్న హౌసింగ్ కూడా వంగుతుంది. ముందు టాకాలు మాత్రమే వేయాలి. బండి బరువు కమాన్ల మీద పడ్డాక పీనియన్ కోణం చూడాలి. గేర్‌బాక్సు ఫ్లాంజికి సమాంతరంగా పెట్టి, పీనియన్ ముక్కును 1 నుంచి 2 డిగ్రీలు కిందికి ఉంచండి, ఎందుకంటే తొక్కినప్పుడు కమాన్లు మెలిపడి ముక్కు లేస్తుంది. కోణం తప్పితే ఒక వేగంలో బండి అదురుతుంది. తర్వాత విప్పి, బేరింగులు తీసేసి, 25 మి.మీ. చొప్పున అటొకటి ఇటొకటి వెల్డింగ్ వేసి చల్లారనివ్వాలి. ఎర్త్ క్లాంపు వెల్డింగ్ పక్కనే పట్టించాలి.

అపోహ: "హౌసింగ్ మారిస్తే ఆర్సీల ఎక్కియ్యాలె"

ఆర్సీలో ఇంజన్, చాసిస్ నంబర్లే ఉంటాయి, హౌసింగ్ నంబరు ఉండదు. దుకాణం బిల్లు మాత్రం తీసుకోండి. 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ నంబరు తెచ్చుకోవాలనుకుంటే, 2021 నియమాల ప్రకారం చాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉండాలి. అందుకని ఇరుసు కోసం చాసిస్‌ను కోయొద్దు.

అపోహ: "డీజిల్‌తో పైపైన కడిగితే సాలు"

ఆరుబయట నోరు తెరుచుకుని పడున్న హౌసింగ్‌లో వాననీళ్లు, చెల్క మట్టి గొట్టాల చివరి దాకా పోతాయి. రెండు మూడు సార్లు డీజిల్‌తో కడిగి, తీగకు తెల్లగుడ్డ కట్టి గొట్టం ఈ చివర నుంచి ఆ చివరికి లాగండి. గుడ్డ తెల్లగా బయటికొచ్చేదాకా ఆపొద్దు. పైనున్న చిన్న బ్రీదర్‌ను (గాలి రంధ్రాన్ని) నోటితో ఊది చూడండి. అది మూసుకుంటే వేడికి లోపలి గాలి ఉబ్బి, నూనెను సీళ్ల గుండా తోసి బ్రేక్ షూల మీద పోస్తుంది. అంతా ఎక్కాక కొత్త యూ బోల్టులను అడ్డదిడ్డంగా, కొంచెం కొంచెంగా బిగించి, 50 కి.మీ. తర్వాత మళ్లీ బిగించండి. 500 కి.మీ.లకు నూనె దించండి. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి పేస్టు ఉంటే నడవనివ్వండి. గోటికి తగిలే పెచ్చులుంటే ఆ రోజే విప్పండి.